వ్యాపారంలో మీనమేషాలు లెక్కపెట్టడం ఆపి, పనిలోకి దిగడం ఎలా?

నూనె ధర పెరిగింది, గ్యాస్ పెరిగింది, కూరగాయల సంగతి సరేసరి. కర్రీ పాయింట్‌లో కూర ప్యాకెట్ మాత్రం ఇంకా 40 రూపాయలే. 45 చేయాలని యజమానికి ఎప్పటి నుంచో ఉంది. కానీ ఎదురు సందులో ఉన్న షాపతను 40కే ఇస్తున్నాడు. పెంచితే రోజూ వచ్చే బ్యాచిలర్లు అటు మళ్ళుతారేమో. పెంచకుండా పరిమాణం కాస్త తగ్గిస్తే? అదీ ఇట్టే కనిపెట్టేస్తారు. పోనీ దసరా వెళ్ళాక చూద్దాం. దసరా వెళ్తే దీపావళి, ఆ తర్వాత కార్తీకం. ఇలా నాలుగైదు నెలలు గడిచిపోతాయి.

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే. ఈ మార్గదర్శి మొత్తం ఈ కర్రీ పాయింట్‌నే పట్టుకుని నడుస్తుంది. ధర పెంచడం, రెండో బ్రాంచి పెట్టడం, మొండి బాకీ అడగడం: చిన్న వ్యాపారులు ఎక్కువగా ఇరుక్కునేది ఈ మూడింటి దగ్గరే. మీది బట్టల షాపైనా, ప్రింటింగ్ ప్రెస్సయినా, కోచింగ్ సెంటరైనా అంకెలు మార్చుకుంటే సరిపోతుంది.

నా లెక్కలో ఇలా ఆగిపోవడానికి రెండే కారణాలు. కాగితం మీద అంకె ఉండదు, క్యాలెండర్‌లో తేదీ ఉండదు. ధైర్యం గురించి ఎన్ని ప్రసంగాలు విన్నా ఈ రెండూ రావు. కూర్చుని రాసుకోవాల్సిందే.

1. ఆలోచిస్తున్నారా, చుట్టూ తిరుగుతున్నారా?

ఉద్యోగికి పైన మేనేజర్ ఉంటాడు, గడువు ఉంటుంది. వ్యాపారిని "ఆ పని ఏమైంది?" అని అడిగేవాళ్ళు ఉండరు. పైగా షాపు డబ్బూ ఇంటి డబ్బూ ఒకే జేబులో ఉంటాయి కాబట్టి ప్రతి నిర్ణయం పిల్లల ఫీజు దాకా వెళ్ళి ఆగుతుంది. అందుకే ఈ జబ్బు యజమానులకే ఎక్కువ.

జరిగినదాన్నీ, జరగబోయేదాన్నీ పదే పదే నెమరేసుకునే అలవాటు మీద యేల్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ సూసన్ నోలెన్ హోక్సిమా ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. అలా నెమరేసేవాళ్ళ దిగులు ఎక్కువ కాలం ఉంటుందనీ, సమస్యకు పరిష్కారం వెతకడంలోనూ వాళ్ళు వెనకబడతారనీ తేలింది. అంటే ఒకే విషయాన్ని పదే పదే నెమరేస్తే మంచి నిర్ణయం వస్తుందన్న నమ్మకానికి ఆధారం లేదు.

మీ సంగతి తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు. నిన్న ఇదే విషయం ఆలోచించినప్పుడు తెలియనిది, ఈరోజు ఒక్కటైనా కొత్తగా తెలిసిందా? హోల్‌సేల్ షాపుకి ఫోన్ చేసి నూనె రేటు కనుక్కున్నారు, పదిమంది కస్టమర్లను గమనించారు, అద్దె ఎంతో అడిగారు అంటే అది ఆలోచనే. అవే మాటలు, అవే భయాలు మళ్ళీ తిరుగుతుంటే అక్కడితో ఆపి కాగితం తీయండి.

ఇంకో రకం కూడా ఉంది, దాన్ని గుర్తుపట్టడం కష్టం. అది పనిలాగే కనిపిస్తుంది. రెండో బ్రాంచికి జాగా చూడకముందే లోగో డిజైన్, విజిటింగ్ కార్డు, ఇన్‌స్టాగ్రామ్ పేజీ, "బ్రాండింగ్" మీద యూట్యూబ్ వీడియోలు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నది ఇలాంటివాళ్ళను చూసే పుట్టి ఉంటుంది. కస్టమర్‌తో గానీ, డబ్బుతో గానీ సంబంధం లేని ఏ "సిద్ధపాటు" అయినా వారం దాటితే దాన్ని వాయిదా కిందే రాసుకోండి.

2. తలలో ఉన్నదంతా పుస్తకంలోకి

ఒక మామూలు రూళ్ళ పుస్తకం తీసుకోండి. ఫోన్‌లో వద్దు. ఫోన్ తీస్తే నోట్స్ కంటే ముందు వాట్సాప్ తెరుచుకుంటుంది. షాపు గురించి బుర్రలో తిరుగుతున్న ప్రతిదాన్నీ వరుసగా రాయండి, చిన్నదీ పెద్దదీ తేడా చూడొద్దు.

ఇప్పుడు వాటిని మూడుగా విడదీయండి. మొదటివి చేసేస్తే అయిపోయే పనులు: ఫ్రిజ్ మెకానిక్‌కి ఫోన్, ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్. రెండోవి నిర్ణయాలు: ధర, బ్రాంచి, కొత్త మనిషిని పెట్టుకోవడం. మూడోవి మన చేతిలో లేనివి: వానలు, నూనె ధర, ఎదుటి షాపతని బుద్ధి. రాసి చూస్తే నిర్ణయాలు మూడో నాలుగో మించవు. తలలో ఉన్నప్పుడు అవే ముప్ఫైలా అనిపిస్తాయి.

రాసి వదిలేస్తే లాభం లేదు. పూర్తికాని పనులు మనసులోకి చొరబడి ఇంకో పని మీద ధ్యాస నిలవనివ్వవని, వాటిని ఎప్పుడు ఎలా చేస్తామో స్పష్టంగా నిర్ణయించుకుంటే, ఇంకా చేయకపోయినా, ఆ సొద తగ్గుతుందని మాసికాంపో, బామైస్టర్ అనే పరిశోధకులు 2011లో చూపించారు. కాబట్టి ప్రతి పని పక్కనా తర్వాతి అడుగు ఒక్కటి రాయండి. "ఫ్రిజ్ సంగతి చూడాలి" అని రాస్తే అది మళ్ళీ తలలోకే వస్తుంది. "రేపు పదకొండింటికి మెకానిక్‌కి ఫోన్" అంటే పుస్తకంలోనే ఉంటుంది.

మూడో రకానికి మందు వేరు. అమెరికాలో థామస్ బోర్కోవెక్ బృందం 1983లో ఒక పద్ధతి పరీక్షించింది. దిగులు పడటానికి రోజూ ఒకే చోట, ఒకే సమయానికి అరగంట కేటాయించుకోవడం. మిగతా వేళల్లో దిగులు వస్తే ఆ అరగంటకు వాయిదా వేయడం. వినడానికి నవ్వొస్తుంది గానీ, కొంతకాలం పాటించినవాళ్ళకి దిగులు తగ్గింది. షాపువాళ్ళకి మధ్యాహ్నం బేరాలు తగ్గాక, సాయంత్రం వంట మొదలయ్యేలోపు ఉండే ఖాళీ దీనికి సరిగ్గా సరిపోతుంది. షట్టర్ దించాక, పడుకునే ముందు మాత్రం వద్దు.

3. వెనక్కి తీసుకోగలమా?

అమెజాన్ వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్ 2015 సంవత్సరానికి వాటాదారులకు రాసిన లేఖలో నిర్ణయాలను రెండుగా విభజించాడు. లోపలికి వెళ్ళాక తిరిగి రాలేనివి ఒకటి, నచ్చకపోతే తలుపు తీసుకుని బయటికి వచ్చేయగలిగేవి రెండు. రెండో రకాన్ని కూడా మొదటి రకంలా భారంగా తీసుకోవడం వల్లే సంస్థలు నెమ్మదిస్తాయని ఆయన వాదన. అంత పెద్ద కంపెనీకి పనికొచ్చిన మాట కర్రీ పాయింట్‌కీ అక్షరాలా పనికొస్తుంది.

మెనూలో కొత్త కూర, షాపు తెరిచే వేళ, డెలివరీ యాప్‌లో పేరు పెట్టడం, ధర: ఇవన్నీ వెనక్కి తీసుకోగలిగేవే. వీటికి ఒకటి రెండు రోజులు మించి ఇవ్వొద్దు. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చే అప్పు, సంస్థలో భాగస్వామిని చేర్చుకోవడం, లాకిన్ షరతు (ఇన్ని నెలల దాకా ఖాళీ చేయకూడదన్న షరతు) ఉన్న అద్దె ఒప్పందం, పదేళ్ళ నుంచి ఉన్న వంట మాస్టర్‌ను పంపేయడం: వీటికి టైమ్ తీసుకోండి, తప్పు లేదు. అయితే ఆ టైమ్‌కి కూడా ఒక చివరి తేదీ ఉండాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చిన్నగా కనిపించేవి కొన్ని వెనక్కి రావు. చెప్పకుండా పరిమాణం తగ్గించడం అలాంటిదే. ఐదు రూపాయలు పెంచితే కస్టమర్ గొణుగుతాడు, మర్చిపోతాడు. కప్పు తగ్గించినట్టు పసిగడితే మాత్రం మళ్ళీ పెంచినా నమ్మడు. ధర పెంచడానికి భయపడి పరిమాణం మీద చెయ్యి వేసేవాళ్ళు తేలికైన నిర్ణయం వదిలేసి కష్టమైనది తీసుకుంటున్నారు.

4. భయానికి రూపాయల్లో లెక్క కట్టండి

ఈ అడుగు దగ్గర ఎక్కువసేపు కూర్చోండి. "కస్టమర్లు పోతారేమో" అనేది భయం. "ఎంతమంది పోతే నాకు నష్టం?" అనేది లెక్క. భయానికి జవాబు లేదు, లెక్కకు ఉంది.

మన కర్రీ పాయింట్ రోజుకి 120 ప్యాకెట్లు అమ్ముతుంది అనుకుందాం. ఒక్కో ప్యాకెట్‌కి సరుకు, గ్యాస్, కవరు కలిపి 28 రూపాయలు అవుతుంది. అద్దె, జీతాలు ఇందులో కలపొద్దు. అవి ఒక ప్యాకెట్ ఎక్కువ అమ్మినా తక్కువ అమ్మినా మారవు. 40కి అమ్మితే ప్యాకెట్‌కి 12 మిగులుతుంది, రోజుకి 1,440.

45 చేస్తే ప్యాకెట్‌కి 17 మిగులుతుంది. అదే 1,440 రావాలంటే 85 ప్యాకెట్లు అమ్మితే చాలు. అంటే రోజుకి 35 ప్యాకెట్ల బేరం పోయినా మీ జేబులో తేడా ఉండదు. పైగా వంట పని తగ్గుతుంది. ఇప్పుడు ప్రశ్న మారింది: ఐదు రూపాయల కోసం ప్రతి నలుగురిలో ఒకరికంటే ఎక్కువమంది ఎదురు సందులోకి వెళ్తారా? మీ కస్టమర్లు మీకు తెలుసు. దీనికి మీరే జవాబు చెప్పగలరు.

చెడ్డ రోజు కూడా లెక్కేద్దాం. సగం మంది వెళ్ళిపోయారు, 60 ప్యాకెట్లే అమ్ముడయ్యాయి. 1,020 మిగిలింది, రోజుకి 420 నష్టం. రెండు వారాలు అలాగే నడిచినా 5,880. మీరు నెలల తరబడి నిద్ర పాడుచేసుకున్న ప్రమాదం ఖరీదు ఇంతే.

ఇంకో వైపు లెక్క చాలామంది వేయరు. ఏమీ చేయకుండా ఉండటానికీ ఖర్చు ఉంది. ధర పెంచితే ఒక 15 ప్యాకెట్లు తగ్గి 105 దగ్గర నిలబడతాయి అనుకోండి. రోజుకి 1,785 మిగులుతుంది, అంటే ఇప్పటికంటే 345 ఎక్కువ. నెలకి 10,350. దసరా, దీపావళి అంటూ ఐదు నెలలు ఆగితే 51,750 రూపాయలు. ఇది ఎక్కడా ఖర్చుగా కనిపించదు, గల్లాపెట్టెలోంచి ఎవరూ తీయరు. అందుకే నొప్పి తెలియదు. పుస్తకంలో ప్రతి నిర్ణయం పక్కనా "ఆగితే నెలకి ఎంత?" అని ఒక గడి పెట్టుకోండి. చాలా సందిగ్ధాలు ఆ గడి నింపగానే తీరిపోతాయి.

5. పెద్ద అడుగును చిన్న ప్రయోగంగా మార్చండి

రెండో బ్రాంచి విషయం ధర పెంచినంత తేలిక కాదు. అక్కడ అతి ఆలోచన వెనక నిజమైన ప్రమాదమే ఉంది. అద్దె 30,000, ఇద్దరు మనుషుల జీతాలు 36,000, కరెంటు వగైరా 9,000 అనుకుంటే నెలకి 75,000. ప్యాకెట్‌కి 17 చొప్పున ఇవి రావాలంటే నెలకి సుమారు 4,412 ప్యాకెట్లు, రోజుకి 147.

ఇది సగం లెక్కే. మొదటి షాపు ఒక్కటే ఉన్నప్పుడు 45 చొప్పున 120 ప్యాకెట్లకు ఏడాది అమ్మకం 20 లక్షలకు కొంచెం లోపే ఉంటుంది. రెస్టారెంట్ సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షలు. రెండో షాపు తెరిస్తే అది దాటడం ఖాయం. చిన్న వ్యాపారులు అమ్మకం మీద స్థిరమైన శాతం కట్టే కాంపోజిషన్ పథకంలో చేరితే రెస్టారెంట్‌కి అమ్మకం మీద 5 శాతం కట్టాలి, దాన్ని కస్టమర్ దగ్గర విడిగా వసూలు చేయకూడదు. అంటే 45లో 2.25 పోతుంది, 17 కాస్తా 14.75 అవుతుంది. పోయేది కొత్త షాపులోనే కాదు, పాత షాపులో 120 ప్యాకెట్ల మీద కూడా నెలకి 8,100 కట్టాలి. ఆ భారాన్నీ కొత్త షాపే మోయాలంటే రోజుకి సుమారు 188 ప్యాకెట్లు అమ్మాలి. 147 ఎక్కడ, 188 ఎక్కడ? మీ విషయంలో ఏ పథకం లాభమో మీ సీఏ చెబుతారు. ఆ ఒక్క సిట్టింగ్‌కి ఇచ్చే ఫీజు, నెలల తరబడి ఊహాగానాల కంటే చవక.

ఇప్పుడు ప్రయోగం. ఆ ప్రాంతంలో షాపు తీసుకోకుండానే రోజుకి 188 ప్యాకెట్లు అమ్ముడవుతాయా లేదా తెలుసుకోవాలి. అక్కడి ఒక పెద్ద అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో మాట్లాడి శని, ఆదివారాల్లో సాయంత్రం టేబుల్ వేయడానికి అనుమతి తీసుకోండి. మిగతా రోజుల్లో వాట్సాప్ గ్రూప్‌లో మధ్యాహ్నమే ఆర్డర్లు తీసుకుని ఆటోలో పంపండి. మొదలుపెట్టే ముందే పుస్తకంలో మూడు గీతలు గీయండి: ఎంత డబ్బు, ఎప్పటిదాకా, ఎంత వస్తే ముందుకి. ఉదాహరణకి 15,000 రూపాయలు, నాలుగు వారాలు, నాలుగో వారంలో ఆ ఒక్క అపార్ట్‌మెంట్ నుంచే సాయంత్రానికి 60 ప్యాకెట్లు. అలాంటివి ఆ చుట్టుపక్కల ఇంకో రెండు మూడు ఉంటే 188 అందే అంకెలాగే కనిపిస్తుంది. 20 దగ్గరే ఆగిపోతే 15,000తో బయటపడ్డారు. అడ్వాన్స్, ఫర్నిచర్, బోర్డు, ఫ్రిజ్‌ల మీద పెట్టబోయిన లక్షలు చేతిలోనే ఉన్నాయి.

ప్రయోగం బాగుంటే అప్పుడు అద్దె ఒప్పందం. లాకిన్ ఎన్ని నెలలు, అడ్వాన్స్ ఎప్పుడు తిరిగిస్తారు, మధ్యలో ఖాళీ చేస్తే ఎంత పట్టుకుంటారు అన్నవి నోటిమాట మీద వదలొద్దు. పెట్టుబడికి రోజువారీ ఫైనాన్స్ దగ్గరికో, ఇంట్లో బంగారం దగ్గరికో వెళ్ళేముందు బ్యాంకులో ముద్రా రుణం గురించి ఒకసారి అడగండి. 2015 ఏప్రిల్‌లో మొదలైన ఈ పథకంలో తనఖా లేకుండా 10 లక్షల దాకా ఇస్తారు. ఈ పథకంలోనే పెద్ద అప్పుల విభాగమైన తరుణ్‌లో అప్పు తీసుకుని సక్రమంగా తీర్చినవాళ్ళకి 20 లక్షల దాకా ఉంది.

6. ఎంత సమాచారం చాలు? ఎవరిని అడగాలి?

ఆర్థికశాస్త్రంలో 1978 నోబెల్ పొందిన హెర్బర్ట్ సైమన్ మాట ఇక్కడ పనికొస్తుంది. అన్నిటికంటే ఉత్తమమైనది వెతకడం మనుషుల శక్తికి మించిన పని, ముందుగా పెట్టుకున్న షరతులకు సరిపోయేది దొరకగానే ఆగడమే తెలివి అని ఆయన సిద్ధాంతం. బిల్లింగ్ మిషన్ కొనాలంటే ముందు మూడు షరతులు రాసుకోండి: ధర ఇంతలోపు, తెలుగులో బిల్లు, ఊళ్ళోనే సర్వీస్. మూడూ ఉన్న మొదటి మిషన్ కొనేయండి. ఆ తర్వాత ఇంకో మోడల్ వీడియో చూడొద్దు.

సలహాకి ముగ్గురు చాలు. ఆ పని ఇప్పటికే చేసినవాళ్ళొకరు, లెక్కలు తెలిసినవాళ్ళొకరు, మీకు డబ్బిచ్చి కొనే కస్టమర్ ఒకరు. బావమరిది, పక్కింటాయన, వ్యాపారుల వాట్సాప్ గ్రూప్ ఈ ముగ్గురిలో రారు. వాళ్ళ మాటలో తప్పేమీ లేదు, కానీ పదకొండో సలహా వచ్చేసరికి మొదటి సలహా మీద నమ్మకం పోతుంది. అడిగేటప్పుడు కూడా "ఏం చేయమంటారు?" అనొద్దు. "మీరు రెండో షాపు పెట్టినప్పుడు మొదటి మూడు నెలల్లో ఊహించని ఖర్చు ఏం వచ్చింది?" అని అడగండి. అభిప్రాయం బదులు అనుభవం చేతికొస్తుంది.

7. తేదీ వేయండి

ముహూర్తాల్ని ఎగతాళి చేసేవాళ్ళున్నారు. నేను చేయను. పంతులుగారు గురువారం ఉదయం 9:42 అన్నారంటే ఆ నిమిషానికి షట్టర్ లేస్తుంది, పాలు పొంగుతాయి, ఎవరూ వాయిదా మాట ఎత్తరు. అంత గట్టి గడువు ఏ యాప్ ఇవ్వలేదు. ఇబ్బందల్లా మూఢం, ఆషాఢం, అమావాస్య అన్నవి ఇష్టంలేని పనికి సాకులైనప్పుడే. నమ్మకం ఉంటే వచ్చే ముహూర్తాల్లో మొదటిది తీసుకోండి, మూడోది కాదు. బాకీ అడగడానికీ, రేటు బోర్డు మార్చడానికీ ముహూర్తం అక్కర్లేదు.

తేదీతో పాటు సందర్భం కూడా రాయండి. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో ప్రచురించిన పరిశోధన సారం ఇది: "ఈ పని చేస్తాను" అనుకోవడం కంటే "ఫలానా వేళ, ఫలానా చోట ఉన్నప్పుడు ఈ పని చేస్తాను" అని ముడివేసుకున్నవాళ్ళు ఎక్కువగా పూర్తిచేస్తారు. "సోమవారం ఉదయం షట్టర్ ఎత్తగానే, స్టవ్ వెలిగించేలోపు, రేటు బోర్డు మారుస్తాను." ఇలా ఉండాలి వాక్యం. ఆదివారం రాత్రే కొత్త బోర్డు రాయించి గల్లా పక్కన పెట్టండి.

8. చేయలేని ఆ ఒక్క ఫోన్

నెలనెలా భోజనాలు పంపే ఒక ఆఫీసు రెండు నెలల నుంచి బిల్లు కట్టలేదు. అడిగితే ఆర్డర్ పోతుందేమో, మనసు నొచ్చుకుంటారేమో. ఇలాంటి ఫోన్ చేయకపోవడానికి అసలు కారణం మొదటి వాక్యం తెలియకపోవడం. దాన్ని రాసుకుని చదవండి:

"సార్, నమస్తే. ఆగస్టు బిల్లు 38,400 ఇంకా అందలేదండి. శుక్రవారంలోగా ఎంత వేయగలరో చెబితే సరుకు దానికి తగ్గట్టు తెచ్చుకుంటాను."

అంతే. తర్వాత ఆగండి, వాళ్ళు మాట్లాడేదాకా మీరు మాట్లాడొద్దు. "ఇబ్బంది లేదులెండి, మీ వీలు చూసుకుని" అని మీరే వాళ్ళకి వాయిదా అందించొద్దు. చాలామంది బాకీలు పోగొట్టుకునేది ఆ ఒక్క మాటతోనే. ఫోన్ పెట్టేశాక ఒప్పుకున్న తేదీ, మొత్తం వాట్సాప్‌లో మెసేజ్ చేయండి.

మీ వెనక చట్టం కూడా ఉందని తెలిస్తే గొంతు వణకదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) అభివృద్ధి చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు గానీ సేవ గానీ తీసుకున్నవాళ్ళు ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు. దీనికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (ఇలాంటి సంస్థల ప్రభుత్వ నమోదు) ముందే చేయించుకుని ఉండటం మేలు. అది ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం, డబ్బు అడిగేవాళ్ళు దళారులు. కొని అమ్మే వ్యాపారులకు మాత్రం ఉద్యమ్ ఉన్నా ఈ బకాయిల వెసులుబాటు వర్తించదు.

9. ఇంట్లోవాళ్ళతో

పెద్ద నిర్ణయాలకు గ్యారీ క్లెయిన్ అనే పరిశోధకుడు 2007లో ఒక పద్ధతి రాశాడు. పని మొదలుపెట్టకముందే అది విఫలమైపోయిందని అనుకుని, ఎందుకు విఫలమైందో అందరూ తలా ఒక కారణం చెప్పాలి. మొహమాటం పోయి లోపలి అనుమానాలు బయటికొస్తాయి. మన ఇళ్ళలో దీన్ని ఉన్నదున్నట్టు అడిగితే "శుభమా అని షాపు పెడుతుంటే ఆ మాటలేంటి?" అని అమ్మ కేకలేస్తుంది. అందుకే ఇలా అడగండి: "మన రోడ్డులో మూతపడిన హోటళ్ళు ఎందుకు మూతపడ్డాయంటారు?" ఎక్కువగా వచ్చే జవాబులు ఇవే. మాస్టర్ మానేశాడు, ఓనర్ రెండు చోట్లా ఉండలేకపోయాడు, ఇంటి యజమాని అద్దె పెంచాడు. ప్రతి కారణం పక్కనా మీరేం చేస్తారో రాసుకోండి.

గల్లా దగ్గర నాన్న కూర్చునే షాపుల్లో సమస్య వేరు. "ఇన్నేళ్ళు ఇలాగే నడిపాం" అంటారు. వాదించి గెలవలేరు, గెలిచినా ఆ గెలుపు షాపుకి మంచిది కాదు. "నాన్నా, రెండు వారాలు చూద్దాం, 1,440 కంటే తగ్గితే మళ్ళీ పాత రేటే" అని గడువూ అంకే ముందు పెట్టండి. ఆయనకు మీ తెలివి మీద అనుమానం ఉండొచ్చు, లెక్క మీద ఉండదు.

ఇంకో మాట. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, గుండె దడ, షాపు తెరవాలంటేనే భయం, తిండి సయించకపోవడం ఉంటే అది పుస్తకంతో తీరే విషయం కాదు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. అప్పులవాళ్ళ ఒత్తిడి ఉన్నవాళ్ళు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి.

10. చేశాక మళ్ళీ తవ్వకండి

సోమవారం బోర్డు మారింది. మంగళవారం ఒకాయన "ఏంటండీ, ఐదు పెంచారా?" అని విసుక్కుంటాడు. ఆ ఒక్క గొంతు వినగానే పాత బోర్డు మీదికి చెయ్యి పోతుంది. పోనివ్వొద్దు. రెండు వారాలని రాసుకున్నారు కాబట్టి అప్పటిదాకా రోజూ రాత్రి ప్యాకెట్ల సంఖ్య ఒక్కటే రాయండి. ఆగాల్సిన గీత కూడా ముందే ఉండాలి: వరుసగా నాలుగు రోజులు 70 దాటకపోతే గడువు రాకముందే పాత రేటు.

అమెరికా ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్ ఒక వింత ప్రయోగం చేశాడు. ఉద్యోగం మానాలా, వ్యాపారం పెట్టాలా లాంటి విషయాల్లో ఎటూ తేల్చుకోలేనివాళ్ళ చేత వెబ్‌సైట్‌లో బొమ్మా బొరుసూ వేయించాడు. 20 వేలకు పైగా వేశారు. పెద్ద నిర్ణయాల్లో, మార్పు వైపు నాణెం పడి మారినవాళ్ళు ఆరు నెలల తర్వాత ఎక్కువ సంతోషంగా ఉన్నామని చెప్పారు. వాళ్ళంతా అప్పటికే అంచు మీద ఉన్నవాళ్ళని మర్చిపోకూడదు, ప్రతి నిర్ణయానికీ నాణెం ఎగరేయమని అర్థం కాదు. రెండు వైపులా లెక్క సమానంగా వచ్చి కూడా ఆగిపోయినవాళ్ళకి మాత్రం ఇది పనికొచ్చే సమాచారం.

రెండు వారాల చివర పుస్తకం తీయండి. సగటు 100 పైన ఉంటే కొత్త రేటు ఉంచేసి ఆ పేజీ మీద గీత కొట్టేయండి. 85 కిందికి పోతే పాత రేటుకి రండి, "పండగ ఆఫర్" అని బోర్డు పెడితే పరువూ పోదు. ఇబ్బంది పెట్టేది మధ్యలో వచ్చే అంకె, 88 లాంటిది. అప్పుడు గడువు పెంచాలనిపిస్తుంది. పెంచొచ్చు, కానీ ఒక్కసారే, ఒక్క మార్పుతోనే: పప్పు ప్యాకెట్ మాత్రం మళ్ళీ 40 చేసి ఇంకో రెండు వారాలు చూడండి. పప్పు మీద మిగులు 12కి పడిపోతుంది కాబట్టి ఆ ప్యాకెట్లు విడిగా లెక్కపెట్టండి. రెండో గడువు చివర కూరలు, పప్పు కలిపి 1,440 దాటితే ఆ ఏర్పాటు ఉంచేయండి, దాటకపోతే పాత రేటే. ఆ రోజే పుస్తకంలో తర్వాతి నిర్ణయం తీసి దానికి తేదీ వేయండి.